ఆయిల్ అండ్ గ్యాస్‌కు పనికిరాదు

గౌస్ పాషా ఈ లోకాన్ని రెండే రెండు భాగాలుగా చూస్తాడు. ఆయిల్ అండ్ గ్యాస్‌కు పనికొచ్చేది ఒకటి, పనికిరానిది ఒకటి. మూడో భాగం లేదు. చెంచా కానీ, చెప్పుల స్టాండు కానీ, రోడ్డు పక్కన కొత్తగా లేచిన కరెంటు స్తంభం కానీ, ఆయన ముందుగా ఒక కన్ను మూసి రెండో కంటితో అంచు వెంబడి చూస్తాడు. వేలి కణుపుతో టక్కున కొడతాడు. ఆ మోత గాలిలో పూర్తిగా కరిగిపోయేదాకా తల వంచి వింటాడు, ఎవరో దూరపు చుట్టం ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నట్టు. ఆ తర్వాత తీర్పు. దాదాపు ఎప్పుడూ ఒకటే తీర్పు.

"ఉహూఁ. ఆయిల్ అండ్ గ్యాస్‌కు పనికిరాదు."

గద్వాలలో అయిజ రోడ్డు మీద ఆయన షెడ్డు. ఆ షెడ్డు పైన వాటాలో నేను అద్దెకుంటాను, దగ్గరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున నన్ను లేపేది కోడి కాదు, గ్రైండరు. కిటికీ తీస్తే కింద నిప్పురవ్వలు చామంతి రేకుల్లా రాలుతుంటాయి. వాటి మధ్య నల్లద్దాల ముసుగు వేసుకుని పాషా భాయి ఒక కిటికీ చట్రాన్ని తిట్టడం వినిపిస్తుంది. కిటికీకి, చమురుకు సంబంధం ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. కొన్నేళ్లు గడిచాయి. అర్థం కాకపోవడం అలవాటైంది.

ఆ ముసుగు వెనుక చరిత్ర ఇది. గల్ఫ్‌లో, సముద్రం నడిమధ్య, నూనె బావి మీద నిలబెట్టిన ఒక ఇనుప ఊళ్లో ఆయన వెల్డరుగా పనిచేసి వచ్చాడు. పైపుల్లో పారే నూనె వేరేవాళ్ల పని. ఆ పైపుల చుట్టూ మనుషులు నడిచే మెట్లు, పట్టుకునే కటకటాలు, నిలబడే అరుగులు, వాటి కింది కాళ్లు ఈయన పని. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు యాంగిళ్లు, చానెళ్లు, చదరపు పైపులు. "ఆడ గాలి కూడా ఉప్పుగుంటది టీచరమ్మా," అంటాడు. "మామూలు ఇనుమును ఉప్పు గాలి బెల్లంముక్క లెక్క చప్పరిస్తది." ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్లలో కాసేపు నీలం తిరుగుతుంది. గద్వాలకు సముద్రం ఎటు చూసినా దూరమే. మాకున్నవి అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. రెండూ తియ్యటి నీళ్లే.

తిరిగొచ్చాక షెడ్డు తెరిచి, పైన బోర్డు పెట్టించాడు: పాషా స్ట్రక్చరల్స్. ఇచట ఆయిల్ అండ్ గ్యాస్ పనులు చేయబడును.

ఆ బోర్డు మీద ఊరు ఎవరికి తోచిన అర్థం వాళ్లు రాసుకుంది. ఒకరు డబ్బా పట్టుకుని వచ్చారు. "పాషా భాయ్, పల్లినూనె ఉందా, పామాయిలేనా?" ఇంకొకరు ఖాళీ సిలిండరు దొర్లించుకుంటూ వచ్చారు. "బుక్ చేసి శానా దినాలాయె, జర తొందరగ చూడు." వెనక వీధిలో ఉండే పెద్దాయన అనంతయ్య అయితే చేతికర్ర ఊతంతో వచ్చి, స్టూలు మీద కూలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాకు గ్యాస్ శానా ఉంది నాయినా. అన్నం తిన్నంక పైకి తంతుంది. ఏం జేస్తవ్?"

పాషా భాయి ఆయన్ని తల నుంచి కాలిదాకా చూశాడు. లేపి, నిలబెట్టి, ముందుకు వెనక్కు నడిపించాడు.

"గ్యాస్ సంగతి నాకెర్కలేదు తాతా. కని నీ ఎడమకాలు ఆన్తలేదు. స్నానాల గదిల పట్టుకోనీకె ఏమన్న ఉందా?"

"పొట్టల గ్యాస్‌కు, స్నానాల గదికి ఏం సంబంధం?"

"అది నాకూ తెల్వదు," అన్నాడు పాషా భాయి.

అనంతయ్య ఇంటికి పోయి, గల్ఫ్ ఎండకు ఆ పిల్లగానికి మతి చలించిందని చెప్పాడు. ఊరు ఒప్పుకుంది.

ఊరు ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉప్పు. స్టీలు మంచిదో కాదో అయస్కాంతం పెట్టి చూస్తారు అందరూ. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అసలైన స్టీలు అని వాళ్ల నమ్మకం. పాషా భాయి అయస్కాంతాన్ని నమ్మడు. "రెండొందల రెండు అని ఒక రకముంటది టీచరమ్మా. దానికీ అయస్కాంతం అంటదు, మూడొందల పదహారుకూ అంటదు. రెండూ ఒక్కతీరుగ మెరుస్తయి. ఉప్పు తగిలిన్నాడు తెలుస్తది ఎవరి పుట్టుక ఏందో." అందుకని కొన్న ప్రతి సరుకు లోంచి ఒక ముక్క కోసి, పెరట్లో బట్టల తీగకు వేలాడదీసి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఉప్పునీళ్లు చల్లుతాడు. గాలి వీస్తే ఆ ముక్కలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. నా గది కిటికీ దగ్గర ఆ సవ్వడి వింటూ కూర్చుంటే వర్షం ఎక్కడో పక్క ఊళ్లో పడుతున్నట్టు ఉంటుంది.

ఆయన భార్య ఖైరున్నిసాకు మాత్రం ఆ సంగీతం పడదు. మొగుడిని ఆమె కూతురి పేరుతో పిలుస్తుంది.

"ఓ సిద్రా అబ్బా! పప్పుల ఏసేతందుకు ఇంట్ల ఉప్పు లేదు. మల్ల తీగెకు చల్లినవా?"

"పప్పు ఒక్కపూట చప్పగ ఉంటె ఏమైతది? స్టీల్ చప్పగ ఉండొద్దు."

"నా బట్టలు ఏడ ఆరేయాలె? తీగ నిండ నీ ఇనుము."

"ఇనుము అనకు. స్టెయిన్‌లెస్ అను. అది వింటది."

ఆమె నా వైపు పైకి చూసి, నుదురు కొట్టుకుని లోపలికి పోయేది.

మనుషులకు కూడా ఆయన ఆ నెంబర్లే పెట్టాడు. కొత్తగా పరిచయమైనవాళ్లు వెళ్లిపోగానే, "ఈయన 202. మెరుపే," అనేవాడు. కూతురు సిద్రాకు రాయచూరు సంబంధం వచ్చినప్పుడు నేనూ ఆ ముందుగదిలోనే ఉన్నాను. అబ్బాయి తన్వీర్, నెమ్మదైనవాడు. పాషా భాయి షర్బతు గ్లాసు అందిస్తూ అబ్బాయిని ఆ ఒక్క కన్ను మూసి చూశాడు. భుజం మీద టక్కున కొడతాడేమో అనుకున్నాను. కొట్టాడు. విన్నాడు.

"304," అన్నాడు. 202కు పైన, 316కు కింద, నడిమి రకం.

పెళ్లికొడుకు తండ్రికి అర్థం కాలేదు. "ఎంతకు?" అని అడిగాడు, ఇంటర్ మార్కులనుకుని.

"ఎంతకూ కాదు సాబ్. సముద్రం కాడ ఉద్యోగమైతె కష్టం. రాయచూరుల సముద్రం లేదు గద, 304 చాలు. బేషుగ్గ నడుస్తది."

"మా పిల్లగానికి ఆరొందల యాభై వచ్చినయి," అని ఆ తండ్రి ముఖం ముడుచుకున్నాడు. ఖైరున్నిసా ఖీరు గిన్నె పట్టుకుని పరుగున వచ్చి సర్దిచెప్పింది. పెళ్లి జరిగింది. అల్లుడు ఇప్పటికీ ఆ నెంబరు తన ఫోను నెంబరులోని అంకెలేవో అయివుంటాయని అనుకుంటాడు.

ఇంత చేసినా, పాషా భాయికి అసలైన ఆయిల్ అండ్ గ్యాస్ పని మాత్రం ఎప్పుడూ దొరకలేదు. గేట్లు, గ్రిల్స్, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు. ఆ బెంగ ఆయనకు లోపల ఉంది. ఒకసారి ట్రాలీ ఆటో నడిపే నాగన్న చెప్పాడు, "వనపర్తిల ఆయిల్ కంపెనీ పెడ్తుండ్రంట." అంతే. మర్నాడు నేను వనపర్తిలో శిక్షణ తరగతులకు బస్సెక్కితే, కిటికీ పక్కన నారింజరంగు దుస్తుల్లో, నెత్తిన టోపీ, కాళ్లకు ఉక్కుముక్కు బూట్లతో పాషా భాయి కూర్చుని ఉన్నాడు. కండక్టరు టికెట్టు కొట్టకుండా కంగారుగా అడిగాడు: "ఏడ అంటుకుందన్నా మంట?"

బీచుపల్లి వంతెన మీద కృష్ణ ఎండలో పరుచుకున్న వెండి రేకులా ఉంది. పాషా భాయి నదిని చూడలేదు, వంతెన కటకటాన్ని చూశాడు. పెదవి విరిచాడు.

ఆ కంపెనీ యజమానురాలు నాగేంద్రమ్మ. తరగతులకు ఇంకా టైముందని నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలోనే పల్లీల బస్తాల వాసన. నేను ఏదో అనబోయాను. ఆయన అప్పటికే మొదలుపెట్టాడు.

"మీ బావి ఎంత లోతమ్మా?"

"బావి ఎండిపోయింది. బోరేయించినం."

"మంచిది. ఎన్ని అడుగులకు పడింది?"

"నీళ్లా?"

"నీళ్లెందుకు పడ్తయి? ఆయిల్!"

నాగేంద్రమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. "ఆయిల్ బోర్ల నుంచి రాదన్నా," అంది ఆమె, బిడ్డకు చెప్పినట్టు మెల్లగా. "పల్లీలు గానుగల ఏస్తె వస్తది." ఇంత పెద్ద కొత్త సంగతిని ఆయన ఎలా మింగుతాడో అని చూస్తున్నాను. ఆయన గానుగ చుట్టూ తిరిగి, కింది కాళ్లు తట్టి, "ఆయిలైతె ఉంది," అని ఒప్పుకున్నాడు. "గ్యాస్ లేదు."

గ్యాస్ కోసం ఇంకోసారి నాగర్‌కర్నూలు పోయాడు. ఊరి బయట గ్యాసు గోదాము. అక్కడివాళ్లు ఆయన దుస్తులు చూసి ఏ పెద్ద ఆఫీసరో తనిఖీకి వచ్చాడనుకుని కుర్చీ వేసి, టీ ఇచ్చి, లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని ప్రమాణాలు చేశారు. తిరిగొచ్చి చెప్పాడు: "గ్యాసైతె దండిగుంది. ఆయిల్ చుక్క లేదు. రెండూ ఒక్క కాడ ఉండాలె టీచరమ్మా. అప్పుడే అది ఆయిల్ అండ్ గ్యాస్."

రెండూ ఒక్క దగ్గర ఉండేది తన కాళ్ల మీద తానే నడిచి వచ్చింది.

కార్తీకం వెళ్లబోతున్న రోజులు. మధ్యాహ్నం. మల్దకల్ నుంచి వచ్చిందామె, పేరు సత్యమ్మ. యాభై దాటిన మనిషి. ఎండలో బస్టాండు నుంచి నడిచొచ్చి షెడ్డు ముందు నిలబడింది. నేను మెట్ల మీద పిల్లల కాపీలు దిద్దుకుంటున్నాను.

"ఆయిల్ గ్యాస్ పని జేసేది నువ్వేనా నాయినా?"

పాషా భాయి చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు.

"నేనే అక్కా. ఏ కంపెనీ మీది?"

"కంపెనీ ఏంది? నేనే."

"సొంతమా! ఆయిల్ ఎంతుంటది?"

"జాతరకైతే డబ్బ. ఉత్త దినాలల్ల సగం సాలు."

"గ్యాస్?"

"ఒక్క సిలిండర్."

"వేడి ఎంత దాంక పోతది?"

"మిరపకాయ ఏస్తే సుయ్యిమనాలె."

"గడ్డ మీదనా, నీళ్ల మీదనా?"

"తేరు బజార్ల. పక్కకు మురికినీళ్ల మోరీ ఉంది."

నేను కాపీల్లో తల దాచుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయనకు అర్థమైందా కాలేదా అని ముఖం చూశాను. నల్లద్దాలు పైకెత్తుకున్న ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. ఆరేసిన తెల్లబట్టలా ఉంది.

"ఏమైంది పాతదానికి?" అని మాత్రం అడిగాడు.

"కాలు ఇరిగింది."

"ఎవరిది?"

"బండిదే. బజ్జీల బండిది. ఉప్పునీళ్లు, పిండినీళ్లు కారి కారి లోపల్నుంచి తిన్నది. పైన రంగు మంచిగనే ఉండె. సంతల నిలబడి ఏస్తుంటె ఒక్కపాలి ఒరిగింది." సత్యమ్మ కొంగు ఎడమ చేతి మీదికి లాక్కుంది. "మూకుడు జారింది. ఎవరికేం గాలె. నేను ఎనకకు దుంకిన."

కొంగు కింద, మోచేతి దగ్గర, చర్మం మెరుస్తూ ముడతలు పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. చూసినట్టు కనబడలేదు.

ఆ తర్వాత ఆమె సంగతంతా చెప్పింది. మార్గశిరంలో తిమ్మప్ప జాతర. తేరు బజారు మూల మీద వాళ్ల అత్త కాలం నుంచి బజ్జీల జాగా ఆమెది. జాతర మొదటిరోజు అక్కడ బండి నిలబడకపోతే ఆ మూల మీద ఇంకొకరు నిలబడతారు, ఒకసారి నిలబడినవాళ్లు మళ్లీ కదలరు. జాతర జాగా పోతే సంత జాగా కూడా పోయినట్టే.

"ఇంకో మాట. ఊర్ల చందాలేసి బండి కొనిస్తమన్నరు. వద్దన్న. బజ్జీలు తినే నోరు 'పాపం' అని కూడ అంటె, నేను ఆ బండి కాడ నిలబడలేను. ఊరికె ఇస్తె తీస్కోను. ముందే చెప్తున్న."

"ఊరికె ఎవరిస్తరు?" అన్నాడు పాషా భాయి విసురుగా. "గిది ఆయిల్ అండ్ గ్యాస్. దీంట్ల దయ ధర్మం ఉండవు."

ఆ రోజు నుంచి షెడ్డులో వేరే పని ఆగిపోయింది. గేటు కోసం వచ్చినవాళ్లను పండగ తర్వాత రమ్మన్నాడు. ఏ పండగో చెప్పలేదు. నేల మీద సుద్దతో బండి గీశాడు. గీసి, దాని చుట్టూ తిరుగుతూ, బజ్జీలు వేస్తున్నట్టు వంగి, తిప్పి, జల్లిగరిటెతో తీస్తున్నట్టు చేతులాడించాడు. అటుగా పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన, "దర్గాకు తీస్కపోండ్రి, తగ్గుతది," అని ఖైరున్నిసాకు సలహా ఇచ్చాడు.

మొదటి చట్రం తయారైంది. అద్దంలా ఉంది. సత్యమ్మ బస్సు దిగి వచ్చి మురిసిపోయింది. ఆయన తీగ మీది ముక్క తెచ్చి ఆమె కళ్ల ముందు పెట్టాడు. నువ్వుగింజంత గోధుమరంగు మచ్చ.

"202. పేరు మార్చుకోని వచ్చింది. పనికిరాదు."

"గా మచ్చ నాకు కనబడ్తలేదు నాయినా."

"నీకు కనబడేదాంక ఆగితె మూకుడు కింద ఉంటదక్కా."

రెండోది మొదలుపెట్టాడు. ఈసారి పట్నం నుంచి 316 తెప్పించాడు. సగం అయ్యాక, మామూలు ఇనుము కోసిన గ్రైండరు చక్రం దీన్ని కూడా తాకిందని అనుమానం వచ్చింది. ఇనుప దుమ్ము పడ్డ చోటు నుంచే తుప్పు మొదలవుతుందట, మంచి ఇంట్లో చెడ్డ మాట దూరినట్టు. రెండోదీ పక్కకు పోయింది. అలా పక్కకు పోయిన సరుకంతా కొన్నాళ్లు షెడ్డు మూల కనిపించేది, ఆ తర్వాత కనిపించేది కాదు. ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. పాత సామాన్లవాడు తీసుకుపోతాడనుకున్నాను.

"తిమ్మప్ప తేరు మీ సాయిబు కోసం ఆగదమ్మా," అని సత్యమ్మ ఖైరున్నిసా దగ్గర కూర్చుని వాపోయింది.

"నా పప్పు కోసమే ఆగలేదు అక్కా," అంది ఖైరున్నిసా. "ఓ సిద్రా అబ్బా! ఆమెకు జర పనికొస్తె సాలదా? సముద్రానికి పనికి రావాల్నా?"

ఆయన ముసుగు ఎత్తాడు. "వేడి, ఉప్పు, గుంజుడు. ఈ మూడూ ఒక్క కాడ కలిస్తె ఎంత మంచి స్టీలయినా చప్పుడు లేకుండ పగుల్తది. సముద్రంల గదే ఉంటది, బజ్జీల బండి కాడ గదే ఉంటది. ఉప్పుకు ఊరేంది?"

వేడి, ఉప్పు, గుంజుడు. సత్యమ్మ తన చేతులు చూసుకుంది.

జాతరకు ముందురోజు పొద్దున ఆమె చివరిసారిగా వచ్చింది. కోపం పోయి నీరసం మిగిలిన ముఖం. పక్క ఊరి నుంచి చెక్కబల్ల కిరాయికి మాట్లాడుకుంటానని, ఈ బండి ఇక వద్దని చెప్పిపోవడానికి వచ్చింది. షెడ్డు ముందుకు రాగానే ఆగిపోయింది.

బండి షెడ్డు ముందు ఎండలో నిలబడి ఉంది. దాని మీద ఆకాశం ఉంది, అయిజ రోడ్డు ఉంది, వెళ్తున్న ఆటో తలకిందులుగా ఉంది. పొయ్యి చుట్టూ వేలెడు గట్టు, మూకుడు జారకుండా. ముందు కటకటం, పిల్లలు నూనె మీదికి వంగకుండా. సిలిండరు గూటికి కింద కిటికీలు. "గ్యాస్ బరువు. కిందికి దిగుతది. దానికి కిందనే తొవ్వ ఉండాలె," అని చూపించాడు. కాళ్ల చివరలు మూసేశాడు, నీళ్లు లోపలికి పోకుండా. ఒక్క అంచు కూడా చేతికి గుచ్చుకోదు. సత్యమ్మ దాని చుట్టూ తిరిగింది. తాకబోయి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అప్పుడు తాకింది.

"ధర జెప్పు," అంది. "ఒక్కపాలి ఇయ్యలేను. కని ఇస్త."

"ఆగు. ఫైనల్ తనిఖీ గాలె."

ఒక కన్ను మూశాడు. వంగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, నేల మీద పడుకున్నాడు. టక్కు టక్కుమని కొట్టాడు, విన్నాడు. ఖైరున్నిసా గుమ్మంలో, నేను మెట్ల మీద, సత్యమ్మ ఎండలో. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు.

"రిజెక్ట్."

"యా అల్లా," అంది ఖైరున్నిసా.

"ఎనక కుడి కాలు ఒక నూలు, దారమంత, పొడుగుంది. ఆయిల్ అండ్ గ్యాస్‌కు పనికిరాదు."

సత్యమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, తాగే చెంబులోని నీళ్లు తెచ్చి బండి మీద నాలుగు చుక్కలు పోసింది. చుక్కలు ఎటూ కదల్లేదు. ముత్యాల్లా అక్కడే కూర్చున్నాయి.

"నీళ్లు పారుతలేవు గద. ఏడుంది వంకర?"

"ఆయిల్ అండ్ గ్యాస్‌ల నీళ్ల లెక్క నడ్వదు."

"పాషా భాయ్," అన్నాను నేను మెట్లు దిగి, "రేపే జాతర. ఆ నూలెడు..."

"టీచరమ్మా, మీకు సంధులు తెలుసు. గిది నా సంధి." ఆయన గొంతు పెంచి సత్యమ్మ వైపు తిరిగాడు. "ఇంకో పరేషాన్ ఉంది. రిజెక్టయిన మాల్ షెడ్డుల పెట్టుకోరాదు. మంచి మాల్‌ల కలిస్తె ఆగమాగమైతది. అమ్మరాదు, అమ్మితే నా పేరు పోతది. తీస్కపోయి పారేయాలె. నాకేమో నడుములు పడ్తలేవు. నువ్వెట్లనూ మల్దకల్ దిక్కే పోతున్నవు. జర నూక్కుంటపోయి యాడన్న పారేయి."

సత్యమ్మ బండి వైపు, ఆయన వైపు చూసింది. "యాడ పారేయాలె?"

"నాకేం తెల్సు? నీ ఇష్టం. తేరు బజార్లనన్న పారేయి."

తీగ మీద ముక్కలు సన్నగా మోగాయి. సత్యమ్మ ఆయన ముఖాన్ని, నేను ఇన్నేళ్లుగా చూస్తున్న ఆ ఖాళీ ముఖాన్ని, అంచు వెంబడి చూస్తున్నట్టు చూసింది.

"పారేసినంక మల్ల అడుగుతవా?"

"పారేసినదాన్ని ఎవరన్న అడుగుతరా?"

నాగన్న ట్రాలీ ఆటో ఎలాగో ఆ సమయానికి అటే వచ్చింది. తాళ్లు కూడా తెచ్చుకున్నాడు. బండి ఎక్కించారు. ఎండను మూటగట్టుకుని తీసుకుపోతున్నట్టు ఆటో అయిజ రోడ్డు మీద మెరుస్తూ పోయింది.

నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. "ఆపా," అన్నాను ఖైరున్నిసాతో, "ఆ కాలు నిజంగా పొడుగుందా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిన్నేండ్ల నుంచి మా నెత్తిమీదనే ఉంటుండ్రు టీచరమ్మా, మీకు తెల్వదా? అనంతయ్య తాత స్నానాల గదిల కడ్డీ ఉంది, చూసిండ్రా? రిజెక్టే. దర్జీ షబానా కుంటి కుట్టుమిషన్ కింద స్టాండ్, రిజెక్టే. మీ బడిల నల్లాల కాడ స్టాండ్?"

"అది దాతలెవరో ఇచ్చారని..."

"దాత లేడు, గీత లేడు. జానెడు పొట్టిగైందని పారేసిండు. పొట్టి పిల్లలు ఉన్న బడి చూసి పారేసిండు."

"మరి నిజంగా ఆయిల్ అండ్ గ్యాస్‌కు పనికొచ్చింది ఇంతవరకు ఏదైనా ఉందా?"

"ఎట్లుంటది?" అంది ఆమె. "గద్వాలల ఉన్నోల్లందరికి పని పడ్తనే ఉండె."

మర్నాడు మల్దకల్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. కొబ్బరికాయల చప్పుడు, బుడగలు, బత్తాసలు, కన్నడంలో మొక్కులు చెప్పుకుంటున్న రాయచూరు వైపు జనం. తేరు బజారు మూల మీద ఒక చోట మాత్రం ఎండ రెండింతలుగా ఉంది. ఆ వెలుతురు వెనక సత్యమ్మ నిలబడి మిరపకాయలు పిండిలో ముంచుతోంది. మూకుడు చుట్టూ గట్టు. కటకటం ఇవతల పిల్లలు, అవతల నూనె. నూనె ఎక్కడిది అక్కడే ఉంది.

పాషా భాయి కూడా వచ్చాడు. నారింజరంగు దుస్తులు, నెత్తిన టోపీ. ఏదో వాలంటీరు అనుకుని జనం ఆయన్ని చెప్పుల స్టాండు ఎక్కడని అడుగుతున్నారు, ఆయన చూపిస్తున్నాడు. బండి ముందుకు వచ్చి, ఎవరో తెలియనివాడిలా నిలబడ్డాడు. కింది కాళ్ల వైపు ఒక్కసారి కన్ను వేశాడు.

సత్యమ్మ ఆయన్ని చూసింది. జల్లిగరిటెతో ఒక వాయి తీసి, నూనె కారనిచ్చి, పేపరు మీద కుప్పగా పోసింది. ఉల్లిపాయ ముక్కలు చల్లింది, నిమ్మకాయ పిండింది. ఆ పొట్లం అమ్మే కుప్పలో పెట్టలేదు. చేతిలో పట్టుకుని మొగుడి మీద అలిగినంత గట్టిగా అంది:

"ఎట్ల జెయ్యాలె గివిటిని! తొడిమెలు వంకర బోయినయి. తొడిమె వంకర బజ్జీ జాతరల అమ్మరాదు, తిమ్మప్పకు కోపమొస్తది. మా అత్త నాటి రూలు. బండి మీద ఉంచరాదు, పారేద్దమంటె నాకు చెయ్యి ఖాళీ లేదు." పొట్లం ఆయన చేతుల్లో కుక్కింది. "నువ్వు ఎట్లనూ ఉత్తగనే నిలబడ్డవు గద నాయినా. జర తీస్కపోయి యాడన్న పారేయి."

పాషా భాయి పొట్లంలోకి చూశాడు. సత్యమ్మను చూశాడు. నన్ను చూశాడు. ఇన్నేళ్లలో ఆ ముఖం మీద మొదటిసారి నాకు బాగా పరిచయమైన ఒక సంగతి కనిపించింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

"ఏది వంకర?" అన్నాడు.

"సూడు మంచిగ."

ఆయన ఒక బజ్జీ తీసి, కన్ను మూసి, తొడిమె వెంబడి చూశాడు. ఎండకు ఎత్తి తిప్పాడు. తప్పు దొరక్క, లోపల ఉందేమోనని కొరికాడు. కళ్లు మూతలు పడ్డాయి, ముక్కు వెంట నీళ్లు కారాయి. "దీంట్ల లేదు," అని రెండోది తీశాడు.

"అండ్ల లేకపోతె ఇంకోదాంట్ల ఉంటది," అంది సత్యమ్మ, మూకుట్లో మరో వాయి వదులుతూ. నూనె సుయ్యిమంది. "నిమ్మలంగ ఎతుకు. తేరు కదిలేతందుకు శానా టైముంది."